ఎంత ఉరకాలె సార్? కాలేజీ పిల్లల ఆర్మీ ఆఫీసర్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని కూసుంటే సగానికి పైగా ఒకటే ముచ్చట, యూనిఫాం. కొత్తగా డిగ్రీలో చేరిన పిల్లలు, బీటెక్ పిల్లలు, వాళ్ళ అవ్వ బాపులు కూడా రాసిండ్రు. చాలామంది మొట్టమొదట అడిగింది "ఎంత ఉరకాలె సార్" అనే. పొద్దుగాల ఐదింటికి హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం దిక్కు పోతే తెలుస్తది, మన దగ్గర ఆర్మీ అంటే ఉరుకుడే అనుకుంటరు. ఆఫీసర్ దారి వేరే ఉన్నదని, అది డిగ్రీ ఫస్టియర్‌లోనే మొదలైతదని చెప్పేటోళ్ళు తక్కువ. నేను కాలేజీలో పాఠం చెప్పుకుంటనే చాలా ఏండ్లు ఎన్‌సీసీ కంపెనీ చూసుకున్న. థర్డియర్ అయిపోయినంక సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని వచ్చి "ఇప్పుడు ఏమన్నా ఉన్నదా సార్" అని అడిగిన పిల్లల మొఖాలు ఇంకా యాదికున్నయి. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: సార్ నమస్తే. నాది నర్సంపేట దగ్గర ఊరు, బీకాం ఫస్టియర్. బాపు అగ్నివీర్ ర్యాలీకి పొమ్మంటున్నడు. నాకు ఆఫీసర్ కావాలని ఉన్నది కానీ బీకామోళ్ళకి రాదని ఫ్రెండ్స్ అంటున్నరు. నిజమేనా?
*- బీకాం విద్యార్థి, నర్సంపేట*

తమ్ముడూ, మీ బాపు చెప్పింది తప్పు కాదు, ఆయనకి తెల్సిన దారి అది. కానీ రెండూ వేరు వేరు. అగ్నివీర్ 2022లో వచ్చిన పథకం, నాలుగేండ్లకు తీసుకుంటరు, ఆ బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్‌గా ఉంచుకుంటరు, అది జవాన్ దారి. ఆఫీసర్ అంటే ట్రైనింగ్ కాంగనే లెఫ్టినెంట్‌గా భుజం మీద స్టార్లతో బయటికొస్తవు, నీ కింద పనిచేసే జవాన్ల బాధ్యత ఆ రోజు నుంచే నీది. ఆ ఉద్యోగానికి కావాల్సింది డిగ్రీ.

బీకామోళ్ళకి రాదన్నది పచ్చి అబద్ధం. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, అదే సీడీఎస్, దాంట్లో డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీకి, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి ఏ డిగ్రీ అయినా సరిపోతది. బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ ఏదైనా. నేవీ వాళ్ళ ఎజిమల అకాడమీకి మాత్రం ఇంజినీరింగ్ డిగ్రీ అడుగుతరు, ఎయిర్ ఫోర్స్ అకాడమీకి ఇంటర్‌లో మ్యాథ్స్ ఫిజిక్స్ ఉండాలె లేదా ఇంజినీరింగ్ చేసి ఉండాలె. ఫైనలియర్ చదువుతున్నోళ్ళు కూడా అప్లై చేయొచ్చు, అంటే నీ మొదటి చాన్స్‌కి ఇంకా రెండేండ్ల టైం ఉన్నది, ఆ రెండేండ్లే నీ ఆస్తి.

వయసు సంగతి జాగ్రత్తగ చూసుకో. డెహ్రాడూన్‌కి కోర్సు మొదలయ్యే నాటికి 19 నుంచి 24 లోపు, చెన్నైకి 19 నుంచి 25 లోపు. పెండ్లి కాకుండా ఉండాలె. పేపర్లు మూడు: ఇంగ్లీష్, జనరల్ నాలెడ్జ్, మ్యాథ్స్, ఒక్కోటి 100 మార్కులు, రెండు గంటలు. మ్యాథ్స్ అంటే భయపడకు, అది పదో తరగతి లెవెల్‌దే, చెన్నైకి ఒక్కదానికే రాసేటోళ్ళకి మ్యాథ్స్ పేపరే లేదు. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోస్తరు కాబట్టి తెల్వనిది గుడ్డిగ టిక్కు పెట్టొద్దు. పేపర్ ఇంగ్లీష్, హిందీలోనే ఉంటది, తెలుగులో లేదు, దీనికి మాత్రం ఇప్పటి నుంచే అలవాటు పడాలె.

డెహ్రాడూన్ ట్రైనింగ్ 18 నెలలు, అక్కడ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం. చెన్నై 49 వారాలు, అది షార్ట్ సర్వీస్, 10 ఏండ్లు, కావాలంటే ఇంకో నాలుగు పొడిగిస్తరు. అప్లికేషన్‌లో ప్రిఫరెన్స్ అడిగినప్పుడు చెన్నైని ఖాళీగ వదిలెయ్యకు, చాలామంది డెహ్రాడూన్ ఒక్కటే పెట్టి మెరిట్ లిస్ట్‌లో కొద్దిలో పోగొట్టుకుంటరు.

ఇంకో మాట. ఎయిర్ ఫోర్స్ వాళ్ళు సొంతంగ పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉన్నది, దాంట్లో గ్రౌండ్ డ్యూటీ కింద అకౌంట్స్ బ్రాంచ్ అని ఉంటది, 60 శాతంతో బీకాం చేసినోళ్ళు దానికి సూటవుతరు. 20 నుంచి 26 లోపు వయసు. నీ ఫ్రెండ్స్‌కి ఇది చూపించు. 59 శాతం వచ్చినా తీసుకోరు, అందుకే ఫస్ట్ సెమ్ నుంచే మార్కులు కాపాడుకో.

ప్రశ్న: సార్, హన్మకొండలో ప్రైవేట్ కాలేజ్‌లో బీటెక్ సీఎస్ఈ ఏఐ బ్రాంచ్ సెకండియర్. రిటన్ టెస్ట్ లేకుండా బీటెక్ మార్కులతోనే ఆర్మీ ఆఫీసర్ తీసుకుంటరని విన్న. రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నయి. చాన్స్ ఉంటదా?
*- బీటెక్ విద్యార్థి, హన్మకొండ*

విన్నది నిజమే. టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్స్, అంటే టీజీసీ, అబ్బాయిలకి, డెహ్రాడూన్‌లో 12 నెలలు, పర్మనెంట్ కమిషన్. షార్ట్ సర్వీస్ టెక్నికల్ అయితే అబ్బాయిలకి అమ్మాయిలకి ఇద్దరికీ. రెండింటికీ వయసు 20 నుంచి 27. రిటన్ టెస్ట్ ఉండదు, మార్కుల మీద కటాఫ్ పెట్టి నేరుగా ఎస్ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పెట్టే ఐదు రోజుల ఇంటర్వ్యూకి పిలుస్తరు. ఇవి యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో దొరకవు, జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో వేరేగ వస్తయి, ఇది తెల్వకనే చాలామందికి నోటిఫికేషన్ వచ్చిపోయినట్టు కూడా తెల్వదు.

నీకు ముఖ్యమైనవి రెండు. ఒకటి, ఫైనలియర్ పిల్లలకి షార్ట్‌లిస్ట్ చేసేది ఆరో సెమిస్టర్ వరకు వచ్చిన మొత్తం పర్సెంటేజ్ చూసి. అంటే థర్డియర్ అయిపోయేసరికి నీ లెక్క తేలిపోతది, ఫోర్త్ ఇయర్‌లో పుంజుకుంటనంటే లాభం లేదు. ఆ రెండు బ్యాక్‌లాగ్స్ వచ్చే సప్లీలోనే తీసెయ్. రెండోది బ్రాంచ్ పేరు. నోటిఫికేషన్‌లో ఏయే బ్రాంచ్‌లు, వాటికి సమానంగ ఏ పేర్లు ఒప్పుకుంటరో టేబుల్ ఇస్తరు, నీ మార్క్స్ మెమోలో, డిగ్రీ పట్టా మీద ఉన్న పేరు దాంతో కలవాలె. అప్లికేషన్‌లో ఒక పేరు, మెమోలో ఇంకో పేరు ఉంటే క్యాన్సిల్ చేస్తరు. ఇప్పుడు కాలేజీలు సీఎస్ఈకి పక్కన ఏవేవో తోకలు తగిలించి కొత్త బ్రాంచ్‌లు పెడుతున్నయి కాబట్టి నువ్వు పాత నోటిఫికేషన్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని నీ బ్రాంచ్ పేరు అక్షరం అక్షరం సరిచూసుకో. కలవకపోతే గాబరా పడకు, సీడీఎస్ దారి ఎట్లాగూ ఉండనే ఉన్నది.

నేవీ కూడా ఇంజినీరింగ్ పిల్లలని మార్కుల మీద పిలుస్తది, ఎయిర్ ఫోర్స్ టెక్నికల్ బ్రాంచ్‌కి ఏఎఫ్‌క్యాట్ రాయాలె.

ప్రశ్న: నమస్కారం సార్. పరకాల నుంచి రాస్తున్న, బీఎస్సీ ఫస్టియర్. మా కాలేజీలో ఎన్‌సీసీ సెలక్షన్ అంటున్నరు. పొద్దున్నే పరేడ్, ఎండకి తిప్పుతరు, చదువు పోతదని సీనియర్స్ అంటున్నరు. జాయిన్ కావాల్నా వద్దా?
*- బీఎస్సీ విద్యార్థి, పరకాల*

బిడ్డా, రేపే పేరియ్యి.

ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అని ఆర్మీలో ఒక దారి ఉన్నది. ఎన్‌సీసీ ఆఖరి పరీక్ష పాసైతే ఇచ్చే సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడ్‌తో ఉండి, డిగ్రీలో 50 శాతం ఉంటే, రిటన్ టెస్ట్ లేకుండా సీదా ఎస్ఎస్‌బీకే పిలుపు. 19 నుంచి 25 ఏండ్ల లోపు. అబ్బాయిలకి, అమ్మాయిలకి ఇద్దరికీ, ఏడాదికి రెండుసార్లు. ట్రైనింగ్ చెన్నైలో 49 వారాలు. సీడీఎస్‌కి లక్షల మంది అప్లై చేస్తరు, ఈ దారిలో ఆ గుంపు ఉండదు. యుద్ధంలో గాని అట్లాంటి పోరులో గాని ప్రాణం పోయిన, గాయపడ్డ సైనికుల పిల్లలకి అయితే సీ సర్టిఫికెట్ లేకున్నా ఇదే ఎంట్రీలో వేరే సీట్లు ఉంటయి. సీడీఎస్‌లో కూడా డెహ్రాడూన్ సీట్లలో కొన్ని సీ సర్టిఫికెట్ ఉన్నోళ్ళకి పక్కన పెడతరు. ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ ఉంటే ఎయిర్ ఫోర్స్ ఫ్లయింగ్‌కి కూడా స్పెషల్ ఎంట్రీ ఉన్నది.

ఎందుకు రేపే అంటున్ననో చెప్త. సీ సర్టిఫికెట్ ఊకె రాదు. పరేడ్ అటెండెన్స్ ఉండాలె, క్యాంపులు చేయాలె, ముందు బీ సర్టిఫికెట్ పాసవ్వాలె, తర్వాత మూడో ఏట సీ పరీక్ష. డిగ్రీ ఉన్నదే మూడేండ్లు. నా దగ్గర ఒక పిల్ల ఉండేది, మొగుళ్ళపల్లి దిక్కు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఫస్టియర్‌లో సెలక్షన్ రోజు వాళ్ళింట్ల పత్తి ఏరుడు ఉండెనని రాలేదు, మళ్ళా ఎవరూ చెప్పలేదు. సెకండియర్ సగంలో వచ్చి వరండాలో నిలబడి పరేడ్ చూసేది, రోజూ అదే స్తంభం పక్కన. ఒక రోజు పిలిచి అడిగితే "నన్ను కూడా తీసుకోండి సార్" అన్నది. ఆ పిల్ల నడక చూస్తేనే తెలుస్తది, డ్రిల్‌కి పుట్టినట్టే ఉండేది. నేను తీసుకోలేకపోయిన. తీసుకున్నా సీ పరీక్ష దాకా ఏండ్లు చాలవు. ఆమె తర్వాత బీఈడీ చేసి టీచరయ్యింది, మంచిగున్నది, కానీ ఆ స్తంభం కనపడ్డప్పుడల్లా నాకు ఆ ఫస్టియర్ సెలక్షన్ రోజే యాదికొస్తది. అప్పటి నుంచి అడ్మిషన్లు అయినంక నేనే క్లాస్ క్లాస్‌కి తిరిగి చెప్పుడు మొదలు పెట్టిన.

చదువు పోతదన్నది సీనియర్ల మాట. పరేడ్ ఉండేది వారానికి ఒకటి రెండు రోజులు, క్యాంప్ అంటే పది రోజులు. పరేడ్ అయినంక ఇచ్చే టిఫిన్ కోసం వచ్చేటోళ్ళు ఉంటరు, నిజంగ నేర్చుకునేటోళ్ళు ఉంటరు, తేడా మూడో నెలకే తెలుస్తది. మ్యాప్ చదువుడు, రైఫిల్ విప్పి మళ్ళా బిగించుడు, పది మందికి ముందు నిలబడి గట్టిగ కమాండ్ ఇచ్చుడు, ఇవన్నీ తర్వాత ఎస్ఎస్‌బీలో గ్రౌండ్ టాస్కుల రోజు అక్కరకొస్తయి. అప్లై చేసేనాటికి సీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలె, వస్తది అని రాస్తే ఒప్పుకోరు, అది కూడా గుర్తు పెట్టుకో.

నీ వయసు 18 అని రాసినవు. ఇంకో సంగతి కూడా విను. ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష ఇంటర్ పిల్లలకే అనుకుంటరు, కానీ పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉంటే డిగ్రీ ఫస్టియర్‌లో ఉన్నోళ్ళు కూడా రాసుకోవచ్చు. మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600, మ్యాథ్స్ ఇంటర్ లెవెల్ కాబట్టి ఎంపీసీ పిల్లలకి వీలు. సెలెక్ట్ అయితే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేండ్లు, డిగ్రీ కూడా అక్కడే వస్తది. పుట్టిన తారీఖు నోటిఫికేషన్‌తో కలుస్తదేమో చూసుకో.

ప్రశ్న: సార్, నేను ఏటూరునాగారం దిక్కు కోయ అమ్మాయిని, బీఏ సెకండియర్. మా దాంట్లో చిన్నప్పుడే పచ్చబొట్లు పొడుస్తరు, నాకు చేతుల మీద, నుదురు మీద ఉన్నయి. పచ్చబొట్టు ఉంటే ఆర్మీలో తీసుకోరని క్లాస్‌లో అన్నరు. చాలా బాధయింది.
*- బీఏ విద్యార్థిని, ములుగు జిల్లా*

తల్లీ, బాధ పడకు, సగం తెల్సినోళ్ళు చెప్పిన మాట అది. మామూలు రూల్ ఏందంటే మోచేయి లోపలి దిక్కు నుంచి మణికట్టు దాకా, అరచేయి వెనక వైపు తప్ప మిగతా ఒంటి మీద పర్మనెంట్ టాటూ ఉండొద్దు. కానీ అదే రూల్‌లోనే గిరిజనుల గురించి వేరేగ రాసిండ్రు, తెగ ఆచారం ప్రకారం మొఖం మీద గాని ఒంటి మీద గాని పొడిపించుకున్నవి ఉంటే ఒక్కొక్కరి సంగతి చూసి అనుమతి ఇస్తరు, సెలక్షన్ సెంటర్ కమాండెంట్ దానిమీద నిర్ణయం తీసుకుంటరు. అంటే మీ అమ్మమ్మ, నానమ్మల నుంచి వచ్చిన పచ్చబొట్టు మోజుకి ఏపించుకున్న టాటూ లెక్క కాదు. నువ్వు చేయాల్సింది ఎస్టీ సర్టిఫికెట్ సరిగ్గ ఉంచుకునుడు, అప్లికేషన్‌లో టాటూ గురించి అడిగిన దగ్గర దాచకుండా రాసుడు, ఫొటోలు జత చేయమంటే చేసుడు. దాచితేనే కష్టం.

అమ్మాయిలకి దారులు చెప్త. సీడీఎస్‌లో చెన్నై అకాడమీకి రాయొచ్చు, ఏ డిగ్రీ అయినా సరే, మ్యాథ్స్ పేపర్ లేదు, ఇంగ్లీష్ జీకే రెండే. అమ్మాయిలకి, ఎస్సీ ఎస్టీలకి ఆ పరీక్షకి ఫీజు కూడా లేదు. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ, ఏఎఫ్‌క్యాట్ ఉన్నయి. ఎత్తు ఆర్మీకి 152 సెంటీమీటర్లు చూస్తరు, ఎయిర్ ఫోర్స్ ఫ్లయింగ్‌కి 162.5. షార్ట్ సర్వీస్‌లో పోయిన ఆడ ఆఫీసర్లకి పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, తర్వాత ఎన్‌డీఏ తలుపులు కూడా తెరుచుకున్నయి, 2022లో చేరిన మొదటి అమ్మాయిల బ్యాచ్ 2025 మే నెలలో పాసవుట్ అయ్యింది.

నీకు చెల్లెలు ఇంటర్ చదువుతున్నదని రాసినవు. ఆమెకి భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకులం వాళ్ళు నడిపే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ప్రిపరేటరీ మహిళా డిగ్రీ కాలేజీ గురించి చెప్పు. హాస్టల్‌తో సహా అక్కడే డిగ్రీ, దాంతో పాటే ఫిజికల్ ట్రైనింగ్, ఎస్ఎస్‌బీ ప్రిపరేషన్. ఎంట్రన్స్ రాసి చేరాలె.

ప్రశ్న: అయ్యా, మాది జమ్మికుంట, మూడెకరాల వ్యవసాయం. కొడుకు డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఆఫీసర్ ట్రైనింగ్‌కి పెద్ద ఖర్చు అయితదంటున్నరు, ఒకాయన కోచింగుకి లక్షా యాభై వేలు కట్టు, పక్కా చేయిస్త అంటున్నడు. వడ్లు అమ్మిన పైసలున్నయి. కట్టాల్నా?
*- ఒక తండ్రి, జమ్మికుంట*

అన్నా, ఆ పైసలు బ్యాంకుల పెట్టుకోండి. పక్కా చేయిస్తనన్న మనిషిని ఇంటి గడప ఎక్కనియ్యకండి. ఈ సెలక్షన్ ఎట్లుంటదంటే, ముగ్గురు వేరు వేరు అధికారులు, సైకాలజిస్ట్ ఒకరు, గ్రౌండ్ టాస్కులు చూసేటాయన ఒకరు, ఇంటర్వ్యూ చేసేటాయన ఒకరు, ఎవరికి వాళ్ళు మార్కులు వేసుకుంటరు, ఆఖరు రోజు కాన్ఫరెన్స్‌లో కలిసి కూసుంటరు. దాని నడుమ బయట మనిషి చేయి పెట్టే జాగా లేదు.

ట్రైనింగ్‌కి మీరు పైస కట్టేది లేదు. తిండి, బట్ట, ఉండుడు, చదువు సర్కారుదే. పైగా డెహ్రాడూన్, చెన్నై అకాడమీల్లో ట్రైనింగ్ టైంలో నెలకి 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తరు. మొదటిసారి ఆ ఎంట్రీ కింద ఎస్ఎస్‌బీకి పిలిస్తే రానుపోను రైలు ఛార్జీ థర్డ్ ఏసీ లెక్కన తిరిగి ఇస్తరు, టికెట్ పారెయ్యొద్దని కొడుక్కి చెప్పండి. సీడీఎస్ అప్లికేషన్ ఫీజు 200. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉత్తగనే దొరుకుతయి. ఆరు నుంచి పది దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, ఒక ఇంగ్లీష్ పేపర్, రోజుకి రెండు గంటల మ్యాథ్స్. కోచింగ్ కావాలనుకుంటే పెట్టించండి, తప్పు కాదు, కానీ మామూలు ఫీజుకి దొరికేది చూడండి.

మీరు అడగనివి రెండు కూడా చెప్త, తండ్రిగ మీకు తెల్సి ఉండాలె. ట్రైనింగ్ మధ్యలో సొంత ఇష్టంతో వదిలేసి వస్తే అయిన ఖర్చు కట్టమంటరు. చెన్నై నుంచి షార్ట్ సర్వీస్‌లో పోయినోళ్ళు 10 ఏండ్లకో 14 ఏండ్లకో బయటికొస్తే పెన్షన్ ఉండదు, గ్రాట్యుటీ వస్తది. పర్మనెంట్ కమిషన్‌లో 20 ఏండ్ల సర్వీస్ దాటితే పెన్షన్. ఇవి చేరకముందే ఇంట్ల కూసుని మాట్లాడుకోండి.

ప్రశ్న: సార్, నేను కరీంనగర్, ఎమ్మెస్సీ. సీడీఎస్ రిటన్ ఫస్ట్ టైంలోనే క్లియర్ చేసిన, ఎస్ఎస్‌బీకి భోపాల్ పోయిన, మొదటి రోజే స్క్రీన్ ఔట్ చేసి పంపిచ్చిండ్రు. పొద్దున పోయి మధ్యాహ్నం కల్లా వాపస్ రైలెక్కిన. నా ఇంగ్లీష్ వల్లనే అనుకుంటున్న. తెలుగు మీడియం నాది. ఇంక వదిలెయ్యమంటరా?
*- ఎమ్మెస్సీ విద్యార్థి, కరీంనగర్*

వదిలెయ్యకు. భోపాల్ నుంచి కాజీపేట దాకా రైల్లో కిటికీ పక్కన కూసుని ఆలోచించుకుంట వచ్చి ఉంటవు, ఆ ప్రయాణం ఎట్లుంటదో నాకు తెలుసు, నా క్యాడెట్లు చాలామంది దిగంగనే ఫోన్ చేసేటోళ్ళు. మొదటిసారి స్క్రీన్ ఔట్ అయ్యి రెండోసారో మూడోసారో రికమెండ్ అయినోళ్ళు వాళ్ళలో ఉన్నరు. వయసున్నన్ని రోజులు ఎస్ఎస్‌బీకి ఎన్నిసార్లయినా పోవచ్చు. ఒక్క పైలట్ల కోసం పెట్టే మెషీన్ టెస్ట్ మాత్రం జీవితంలో ఒక్కటే సారి.

ఆ మొదటి రోజు ఏం జరిగిందో ఒకసారి మెల్లగ తిప్పి చూసుకుందాం. ముందు రీజనింగ్ పేపర్లు. తర్వాత తెర మీద ఒక బొమ్మ, మసక మసకగ, 30 సెకన్లు. బొమ్మ పోయినంక నిమిషం లోపల అందులో ఎంతమంది కనిపించిండ్రు, ఆడ మగ, వయసు, మూడ్ రాయాలె. ఆ తర్వాత నాలుగు నిమిషాల్లో కథ. రాసినంక ఒక గుంపుని అర్ధచంద్రం లెక్క కుర్చీల్లో కూసోబెడతరు, ఛాతీ మీద నంబర్, ఒక్కొక్కరు నిమిషంలో తన కథ చెప్పాలె, ఆఖరుకి అందరూ కలిసి ఒక కథ మీదికి రావాలె.

నీ కథ రాసి పంపినవు, చదివిన. బొమ్మలో నలుగురు ఒక చెట్టు కింద నిలబడ్డరని రాసినవు, వెంటనే హీరో మెడికల్ క్యాంప్ పెట్టిండు, ఊరంతా బాగుపడ్డది. ఈ కథ నేను వందల సార్లు విన్న, కోచింగ్ నోట్స్‌లది. ఆ నలుగురు చెట్టు కింద ఉంటే నీకు నిజంగ ఏం గుర్తొచ్చింది? మీ ఊర్ల చెట్టు కింద నలుగురు నిలబడితే మోటర్ కాలిందనో, కాలువ నీళ్ళు ఆఖరు మడికి రాలేదనో, ట్రాన్స్‌ఫార్మర్ కోసం చందా వేసుకుందామనో మాట్లాడుకుంటరు. ఆ కథ రాయి. ఎవరు మొదలు పెట్టిండు, ఎవర్ని అడిగిండు, పైసలు ఎట్ల జమ చేసిండు, ఎన్ని రోజులు పట్టింది. అందులో నువ్వు కనపడతవు, వాళ్ళు వెతికేది నిన్నే.

ఇంక ఇంగ్లీష్. నిజం చెప్త, ఇంగ్లీష్ అవసరం, కానీ హైదరాబాద్ కాన్వెంట్ ఇంగ్లీష్ అవసరం లేదు. గ్రూప్‌లో మనోళ్ళు పడిపోయేది గ్రామర్ తప్పుకి కాదు, నోరు తెరవకపోవుడుకి. గట్టిగ అరిచేటోళ్ళ మధ్య నోరు మూసుకుని కూసుంటరు, లేకపోతే వాళ్ళకంటే గట్టిగ అరుస్తరు. రెండూ వద్దు. చిన్న చిన్న వాక్యాలు, నిదానంగ, పక్కోడి మొఖం చూసి, "నంబర్ ఫైవ్ చెప్పింది మంచిగున్నది, దానికి ఇది కలుపుదాం" అన్నట్టు. దీనికి ప్రాక్టీస్ ఎట్లంటే, నలుగురు దోస్తులని పట్టుకుని రోజూ సాయంత్రం అర్ధగంట, ఏ పేపర్ ఫొటో అయినా సరే, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను. మొదటి వారం నీ గొంతు నీకే సహించదు. మూడో వారానికి మారుతది, చూడు.

రెండో రోజు నుంచి వచ్చేటివి కూడా చెప్త, ఈసారి లోపలికి పోతవు కాబట్టి. సైకాలజీ రోజు పన్నెండు బొమ్మల కథలు, పన్నెండోది ఖాళీ తెల్ల కార్డు, 60 పదాలు ఒక్కోదానికి 15 సెకన్లు, 60 సందర్భాలు అర్ధగంటలో, తర్వాత నీ గురించి నువ్వు. గ్రౌండ్ మీద రెండు రోజులు: పలకలు, తాళ్ళు, డ్రమ్ములతో గుంపు దాటే టాస్కులు, మూడు నిమిషాల్లో ఒంటరిగ చేసే పది ఆబ్‌స్టకిల్స్, నువ్వు కమాండర్ అయ్యి ఇద్దర్ని పిలుచుకునే టాస్క్. అక్కడ కూడా ఇన్ని కిలోమీటర్లు ఉరకాలె అనే టెస్ట్ లేదు. ఉరుకుడు అక్కరకొచ్చేది అకాడమీకి పోయేనాటికి, 2.4 కిలోమీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో రావాలంటరు మగపిల్లలకి. మొదట్లో "ఎంత ఉరకాలె" అన్నోళ్ళందరికీ జవాబు ఇదే.

చిన్న జవాబులు

*ఎల్ఎల్‌బీ చదువుతున్న, దారి ఉన్నదా? - మంచిర్యాల:* ఉన్నది, ఆర్మీ జాగ్ ఎంట్రీ, అంటే ఆర్మీ న్యాయ విభాగంలో ఆఫీసర్. ఎల్ఎల్‌బీలో 55 శాతం, క్లాట్ పీజీ స్కోర్ తప్పనిసరి, వయసు 21 నుంచి 27.

*కండ్లద్దాలు ఉన్నయి, లేజర్ చేపించుకోవాల్నా? - భూపాలపల్లి:* తొందరపడకు. 20 ఏండ్లు దాటకముందు చేపించుకున్నది చెల్లదు, చేపించుకున్నంక 12 నెలలు గడవాలె. ఆర్మీలో, గ్రౌండ్ డ్యూటీలో కొంత పవర్ వరకు ఒప్పుకుంటరు. ముందు నీ పవర్ ఎంతనో రాసి చూపించుకుని మెడికల్ స్టాండర్డ్స్‌తో పోల్చుకో.

*ఇంటర్ ఎంపీసీ, జేఈఈ రాసిన. - పెద్దపల్లి:* ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ స్కీమ్ చూడు, ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ రాసి ఉండాలె. నేవీలో కూడా జేఈఈ ర్యాంక్ మీద బీటెక్ క్యాడెట్ ఎంట్రీ ఉన్నది.

ప్రశ్న: సార్, నాకు ఒక్కడే కొడుకు. చెన్నై అకాడమీకి సెలెక్ట్ అయిండు, జాయినింగ్ లెటర్ వచ్చింది. వాడు మస్తు సంతోషంగున్నడు. నాకు రాత్రి నిద్ర పడతలేదు. గల్వాన్ అప్పుడు టీవీల చూసినయి కండ్ల ముందు తిరుగుతున్నయి. పంపాల్నా?
*- ఒక తల్లి, కాజీపేట*

అమ్మా, మీ ఉత్తరం అన్నిటికంటే ఎక్కువ సార్లు చదివిన. ఏం కాదులే అని రాయలేను, అది అబద్ధమైతది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 16 బిహార్ బెటాలియన్‌ని ముందుండి నడిపి ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ నుంచి పోయినోడు, ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చిండ్రు. ఆయనకీ మీ లెక్కనే తల్లి ఉన్నది. మీ భయం నిజమైనది, దాన్ని కొడుకు ముందు దాచకండి, ఒక రోజు పక్కన కూసోబెట్టుకుని చెప్పండి, వాడు ఏమంటడో వినండి. ఇంత కష్టపడి ఐదు రోజుల పరీక్ష దాటి వచ్చినోడు తన మనసులో ఆ లెక్క ఎప్పుడో వేసుకుని ఉంటడు, మీకు చెప్పలేదు అంతే.

మొదటి కొన్ని వారాలు ఫోన్ ఎక్కువ రాదు, వచ్చినా రెండు నిమిషాలే, గొంతు అలసిపోయి ఉంటది. అప్పుడు "వచ్చెయ్ బిడ్డా" అనకండి, ఆ మాట మీ నోట్ల నుంచి రావాలని వాడు కూడా ఒక రోజు ఎదురు చూస్తడు, ఆ రోజు దాటితే నిలబడతడు. 49 వారాలు అయినంక పాసింగ్ ఔట్ పరేడ్‌కి మిమ్మల్ని పిలుస్తరు. పరేడ్ అయినంక భుజాల మీద స్టార్ల మీదున్న గుడ్డ తీసేది తల్లిదండ్రులే. ఆ రోజుకి కాజీపేట నుంచి చెన్నై పోయే రైలుకి టికెట్లు ముందే చేసుకోండి, రద్దీ ఉంటది.